చిటికెన వేలు మిగిలిన కొండ

ఒక్క వేలు మిగిలిపోయింది. ఎడమ చేతి చిటికెన వేలు. తక్కిన రూపమంతా రాతి మీదికి దిగింది గానీ ఆ వేలు మాత్రం చేతి నుంచి విడిపడలేదు. కడప జిల్లాలో గండి ఆంజనేయస్వామి సంగతి ఎవరినడిగినా మొదట చెప్పేది ఈ వేలి గురించే. గుడి ఎప్పటిది, ఎవరు కట్టించారు అన్న మాటలు తర్వాత వస్తాయి, ఒక్కోసారి రానే రావు.

అదే జిల్లాలోని పెండ్లిమర్రి నుంచి దక్షిణంగా, పడమరగా చూస్తే ఆకాశానికి అడ్డంగా కనబడేవి పాలకొండలు. శేషాచలం కొండల వరసలో ఇవో భాగం. పాపఘ్ని నది కర్ణాటకలో పుట్టి, ఎండిన ఇసుకతో, ఎప్పుడో ఒకసారి నీళ్లతో ఉత్తరానికి నడిచొచ్చి, ఈ కొండలకు ఎదురుపడి, చుట్టూ తిరిగిపోకుండా నడిమికి చీల్చుకొని వేంపల్లె వైపు బయటపడుతుంది. ఆ చీలికే గండి. చెరువుకు గండి పడితే ఊరు గుండెలు బాదుకుంటుంది. కొండకు పడిన గండికి మాత్రం కొబ్బరికాయ కొడతాం.

కథ ఇలా నడుస్తుంది. సీతను వెతుక్కుంటూ రామలక్ష్మణులు ఈ దారిన వచ్చినప్పుడు ఇక్కడ తపస్సు చేసుకుంటున్న వాయుదేవుడు వాళ్లను తన ఆతిథ్యానికి పిలిచాడు. ఇప్పుడు కాదు, తిరుగు ప్రయాణంలో వస్తానన్నాడు రాముడు. రావణవధ అయ్యాక మాట నిలబెట్టుకున్నాడు. వస్తున్న అతిథి కోసం వాయుదేవుడు నదికి అటూ ఇటూ ఉన్న రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడు. విడిది చేసిన రాముడు బాణం ములికితో ఒక బండ మీద హనుమంతుడి రూపం గీశాడు. గీత పూర్తి కావస్తుండగా పొద్దుపోతోందని లక్ష్మణుడు తొందరపెట్టాడు. రాముడు లేచాడు, వేలు మిగిలింది.

ఈ కథలో నాకు నచ్చేది భక్తి కన్నా ముందు మర్యాద. ఆతిథ్యమిచ్చినవాడు వాయువు. అతిథి గీసింది వాయువు కొడుకు బొమ్మ. ఇంటికి పిలిచి అన్నం పెట్టిన పెద్దాయనకు ఆయన బిడ్డ బొమ్మనే గీసి ఇచ్చి వెళ్లడం కన్నా మంచి కానుక ఏముంటుంది? దాన్ని ఎక్కడ గీశాడన్నది ఇంకా ముఖ్యం. పలక మీద గీసి చేతికివ్వలేదు, తోడు తీసుకుపోలేదు. కొండ మీద గీసి కొండకే వదిలేశాడు. శిల్పాన్ని రాయి నుంచి, రాయిని కొండ నుంచి, కొండను అడవి నుంచి విడదీయని కళ గురించి మన ప్రాంతం చెప్పుకున్న తొలి కథ ఇదే అనుకుంటాను.

రెండో శిల్పి

రాముడితో కథ ముగియలేదు. గీతగా ఉన్నదాన్ని శిల్పంగా తీర్చాలని తర్వాతెప్పుడో ఒక ప్రయత్నం జరిగిందంటారు. విజయనగర కాలంలో ఊరూరా ఆంజనేయుణ్ణి ప్రతిష్ఠించిన వ్యాసరాయల పేరు ఇక్కడా వినిపిస్తుంది. ఆయన ప్రతిష్ఠించినవి 732 అని సంప్రదాయం చెబుతుంది. 1539లో ఆయన పోయాడు, ఇప్పటికీ రాయలసీమలో ఆయనకు ముడిపెట్టని పాత ఆంజనేయుడు అరుదు. గండిలో గీత వెంబడే ఉలి నడిచింది, రూపం ఉబ్బెత్తుగా తేలింది. మిగిలిన వేలిని కూడా విడదీద్దామని ఉలి మోపితే అక్కడ రక్తం చిమ్మిందట. ఉలి ఆగిపోయింది. వేలు అలాగే ఉండిపోయింది.

శిల్పులకు ఈ కథ వేరే రకంగా అర్థమవుతుందనిపిస్తుంది. పాలకొండల్లో ఎక్కువగా ఉన్నది క్వార్ట్‌జైట్. ఒకప్పుడు సముద్రపు ఒడ్డున ఇసుక. ఆ ఇసుక రేణువులు ఒత్తిడికి, కాలానికి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉలికి లొంగని రాయిగా గట్టిపడ్డాయి. పొరలు పొరలుగా ఉంటుంది. నిలువునా అడ్డంగా పగుళ్లుంటాయి. ఉలి దెబ్బ ఎక్కడ పడిందో అక్కడ కాకుండా దానికి నచ్చిన చోట విరుగుతుంది. అలాంటి రాతిలో ముఖం, భుజం, తోక ఉబ్బెత్తుగా తేల్చవచ్చు. సన్నటి వేలిని వెనక ఆధారం లేకుండా విడదీయబోతే చెయ్యే ఊడిరావచ్చు. ఆపిన శిల్పికి రాయి తెలుసు. రక్తం మాట తర్వాత చేరి ఉండొచ్చు. ఇది నా ఊహే. గుళ్లో ఈ మాట అంటే తిట్లు తినాల్సి వస్తుంది.

ఈ రాయి వయసు తలుచుకుంటే పాలకొండల ముందు రాముడూ వ్యాసరాయలూ నిన్నమొన్నటివాళ్లు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. అందులో అడుగున ఉన్న రాళ్ల వర్గానికి పాపఘ్ని పేరే పెట్టాడు. ఆ వర్గంలో కింది పొర గువ్వలచెరువు క్వార్ట్‌జైట్, పై పొర వేంపల్లె సున్నపురాయి. గువ్వలచెరువు అంటే మనకు ఘాట్ రోడ్డు, పాలకోవా. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు మాత్రం అది 190 కోట్ల ఏళ్లు దాటిన రాయి. పులివెందుల పేరుతో కూడా ఒక క్వార్ట్‌జైట్ పొర ఉంది. మన బస్సుల బోర్డుల మీది పేర్లన్నీ ప్రపంచ భూగర్భ పుస్తకాల్లో ఉన్నాయి, మన బడి పుస్తకాల్లోనే కనబడవు.

ఈ కొండల్లో ఏదైనా బండ దగ్గర కాసేపు కూర్చుని దాని ముఖం చూడండి. వరసగా సన్నటి గట్లు కనబడతాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. నీళ్లు కదిలినప్పుడు ఇసుకలో ఏర్పడిన అలల గుర్తులవి. ఆ ఇసుక రాయయ్యాక కూడా చెరగలేదు. వేంపల్లె వైపు సున్నపురాతిలోనైతే ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయాలుంటాయి. కంటికి కనబడని జీవులు లోతులేని నీళ్లలో పొర మీద పొరగా పెరిగి వదిలిపెట్టిన కట్టడాలవి, స్ట్రోమటోలైట్లు అంటారు. చేపలు పుట్టక ముందు, చెట్లు పుట్టక ముందు చెక్కిన చెక్కడం. ఆరుబయట శిల్పకళ గురించి రాయాలంటే ఈ కొండల్లో మొదటి శిల్పులుగా వీటిని చెప్పక తప్పదు.

రాయి మాట

అనంతపురం వైపు వెళ్లి లేపాక్షి చూసినవాళ్లు ఒక మాట అడుగుతారు. అక్కడ అంత పెద్ద నంది ఉంది, పదిహేను అడుగుల ఎత్తు, ఇరవై ఏడు అడుగుల పొడవు, ఒకటే రాయి. ఊరి బయట ఆరుబయట, ఉన్నచోటే ఉన్న గుండును చెక్కేశారు. దాని చూపు పోయే దిక్కున గుడి ఆవరణలో ఏడు పడగల నాగలింగం, అదీ ఏకశిలే. వంటింట్లో తల్లి అన్నం వండే లోపల శిల్పులు దాన్ని చెక్కేశారని కథ. మరి కడప కొండల్లో అలాంటిది ఒక్కటీ లేదేం? మనవాళ్లకు చేతకాలేదా?

చేతకాక కాదు, రాయి ఒప్పుకోలేదు. లేపాక్షిది గ్రానైటు. పొరలు లేని ఏకఖండం, ఏ వైపు నుంచి కొట్టినా ఒకే తీరు. ఎండకు, వానకు పైచెక్కు ఊడిపోతూ తనంతట తానే గుండ్రంగా తయారవుతుంది. ఆ గుండును చూసిన శిల్పికి పడుకున్న ఎద్దు సగం అప్పటికే కనబడి ఉంటుంది. పాలకొండల రాయి గుండ్రబడదు, మెట్లుగా పలకలుగా తెగుతుంది. ఇక్కడి చెయ్యి అందుకే గీతను, పలచటి ఉబ్బెత్తును ఎంచుకుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి దొరికే చోట జనం దాన్ని బండలుగా చీల్చి ఇంటి కప్పు, నేల, గోడ, పొలం గట్టున కంచె రాళ్లు అన్నీ దానితోనే కానిచ్చారు. దేశమంతా వంటింటి గట్టు మీద పరుచుకున్న కడప బండ ఆ తరహా రాయే. శిల్పం కోసం పుట్టిన రాయి కాదు గానీ దానంత ఉపకారి మరొకటి లేదు.

రంగుకు మాత్రం ఇక్కడి బండ బాగా ఒప్పుకుంది. ముద్దనూరు దగ్గర చింతకుంట గుట్టల్లో వానకు, ఎండకు తలదాచుకునే వంగిన బండల కింద ఆదిమానవులు ఎర్రరంగుతో, తెల్లరంగుతో బొమ్మలు వేశారు. జంతువులు, మనుషులు, వేట. ఎర్విన్ న్యూమేయర్ అనే ఆస్ట్రియా పరిశోధకుడి వంటివాళ్లు వీటిని బయటి ప్రపంచానికి తెలియజేశారు. వాళ్లూ బొమ్మను కొండకే వదిలారు. బాణం ములికితో గీశాడన్న గండి కథకు వెనక ఎక్కడో బండల మీద గీసిన పాత బొమ్మల జ్ఞాపకం ఉందేమోనని నాకో అనుమానం. రుజువు లేదు.

శిల్పి లేని శిల్పం కూడా ఈ అడవిలో ఉంది. పెండ్లిమర్రి మండలంలోనే పొలతల క్షేత్రం. కొండల నడుమ మల్లేశ్వరస్వామి, అక్కదేవతలు, బండెన్న. కార్తీక సోమవారాల్లో, శివరాత్రికి అడవి దారంతా జనమే. సీమలో అక్కదేవతలంటే ఏడుగురు అక్కచెల్లెళ్లు. చాలా ఊళ్లలో వాళ్లకు చెక్కిన ముఖాలుండవు, చెట్టు కింద వరసగా నిలిపిన రాళ్లుంటాయి. ఉలి తాకని ఆ రాయికి ప్రతి ఏడాదీ పసుపు పూస్తారు, కుంకుమ పెడతారు, నూనె పోస్తారు. పూత మీద పూత చేరి రాయి నునుపు తేలుతుంది, రంగు మారుతుంది. అది వందల మంది ఆడవాళ్ల చేతులు కలిసి చేసిన పని. కళాశాలలో చదివినవాళ్లు దీన్ని శిల్పమనరు. మనం అనుకోవచ్చు. ఇదే మండలంలో వెయ్యినూతుల కోనలో నరసింహస్వామి ఉన్నాడు. పేరులోనే కోన, పేరులోనే నీళ్లు. ఈ ప్రాంతంలో దేవుడు కొండ మడతల్లోకి, నీటిచెలమ పక్కకు వెళ్లి కూర్చుంటాడు. ఆయన్ను చూడాలంటే అడవి దాటాల్సిందే.

మన్రో చూసిన తోరణం

బంగారు తోరణం ఏమైంది? ఇప్పటికీ ఉందంటారు. పుణ్యాత్ములకు మాత్రమే కనబడుతుంది, కనబడినవాళ్లు ఎక్కువ కాలం బతకరు. దీనికి సాక్షిగా ఒక తెల్లదొరను నిలబెట్టారు మనవాళ్లు. సర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. సీమ రైతు ఈయన్ను ఎంతగా తనవాణ్ణి చేసుకున్నాడంటే పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నాడు. స్వదేశం వెళ్లే ముందు తనకిష్టమైన ఈ జిల్లాలను చివరిసారి చూడడానికి బయలుదేరి, గండిలో నది దాటుతూ తలెత్తి, ఆ కొండల మధ్య కట్టిన బంగారు తోరణం ఎంత బాగుందో అన్నాడట. పక్కనున్నవాళ్లకు ఏమీ కనబడలేదు, ముఖాలు మాత్రం వాడిపోయాయి. 1827 జులై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో మన్రో పోయాడు. తేదీ, ఊరు, జబ్బు చరిత్ర. తోరణం జనం చేర్చింది.

పొద్దు వాలేటప్పుడు ఇరుకైన లోయలో ఒక కొండ నీడలో మునిగి, ఎదురు కొండ పైఅంచు మాత్రం వెలుగు పట్టుకుంటుంది. ఎర్రటి రాయి పసుపుపచ్చగా మెరుస్తుంది. వెలుతురుతో చేసిన ఆ తోరణాన్ని బంగారమని ఎవరైనా అంటే నాకు అభ్యంతరం లేదు.

మన్రో కథకు ఇంకో కొస ఉంది, అదీ శిల్పానిదే. చెన్నైలో మౌంట్ రోడ్డు వైపు పోయేవాళ్లు గుర్రం మీద కూర్చున్న మన్రో కంచు విగ్రహం చూసే ఉంటారు. ఫ్రాన్సిస్ చాంట్రీ అనే ఇంగ్లీషు శిల్పి చేసి పంపాడు, 1839లో నిలబెట్టారు. ఆ గుర్రానికి జీను లేదు, కాళ్లు పెట్టుకునే రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడనీ, తప్పు తెలిసి ప్రాణం తీసుకున్నాడనీ ఊళ్లో కథ. వట్టిదే. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో చాంట్రీ చేసిన నాలుగో జార్జి విగ్రహానికీ జీనూ రికాబులూ లేవు. ప్రాచీన రోమను పద్ధతి ఆయనకు ఇష్టం, అంతే. 1841లో సహజంగానే పోయాడు.

చూడండి, ఒకే మనిషి చుట్టూ రెండు బొమ్మలు. గండిలో విడిపడిన వేలు లేదు, చెన్నైలో రికాబు లేదు. రెండు చోట్లా లేనిదాని చుట్టూనే కథ అల్లుకుంది. ఉన్నదాన్ని చూసి జనం దండం పెట్టి పోతారు, లేనిదాని దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు. ఆరుబయట శిల్పానికి ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే దానికి పక్కన చీటీ అంటించే మ్యూజియం లేదు, దారినపోయేవాళ్లే వివరణ ఇచ్చుకోవాలి.

అడవికి వదిలేసినవాళ్లు

బొమ్మను కొండకే వదిలేసే, మన కొండల్లో ఎప్పటినుంచో ఉన్న ఈ అలవాటును ఐరోపా వాళ్లు ఒక కళాపద్ధతిగా మళ్లీ పట్టుకున్నారు. ఇటలీలో రోముకు ఉత్తరాన బొమార్జో అనే ఊరి పక్క లోయలో పదహారో శతాబ్దంలో వీచినో ఒర్సీని అనే ప్రభువు రాళ్లను పడున్న చోటే ఏనుగులుగా, రాక్షసులుగా, నోరు తెరిచిన ముఖాలుగా చెక్కించాడు. తర్వాత జనం మరిచిపోయారు. వందల ఏళ్లు పొదలు, నాచు కమ్మేశాయి. మళ్లీ బయటపడ్డాక చూస్తే, నాచు పట్టినందువల్లే అవి ఇంకా భయపెట్టేలా తయారయ్యాయి. ఇంగ్లండులో గ్రైజ్‌డేల్ అడవిలో 1977 నుంచి శిల్పులను పిలిచి అక్కడి చెట్టూ రాయీ వాడి బొమ్మలు చేయిస్తున్నారు. వాటిలో చాలావాటిని పుచ్చి కూలిపోయినా బాగుచేయరు.

వీళ్లందరిలో డేవిడ్ నాష్ నాకు దగ్గరివాడు. 1978లో వేల్స్‌లో కూలిన ఓక్ మాను నుంచి పెద్ద గుండు చెక్కాడు. వాగులో దొర్లించి ఇంటికి తెచ్చుకుందామనుకున్నాడు, అది వాగులో ఇరుక్కుంది. సరే అని అక్కడే వదిలేశాడు. వరద వచ్చినప్పుడల్లా కొంచెం కదిలేది. 2003కు నది సముద్రంలో కలిసే చోటికి చేరి, కొన్నాళ్లకు కనబడకుండా పోయి, 2013లో మళ్లీ తేలింది. తన శిల్పం ఎక్కడుందో శిల్పికే తెలియని కాలం. పాపఘ్ని ఇసుకలో అలాంటి పని చేస్తే ఏమవుతుంది? మొదటి వారమే పసుపూ కుంకుమా పడి, మూడో వారానికి పందిరి లేస్తుంది. నవ్వుకోవడానికే అంటున్నాను, కానీ మన జనం అడవిలో శిల్పాన్ని ఒంటరిగా ఉండనివ్వరన్నది నిజం.

అక్కడే నా ఫిర్యాదు కూడా. ఆరుబయట పుట్టిన శిల్పాన్ని మనం ఆరుబయట ఉంచలేం. ముందు పందిరి, తర్వాత రేకులు, తర్వాత గర్భగుడి, తర్వాత గోడలకు టైల్స్, స్టీలు గొట్టాల క్యూ. చివరికి విగ్రహానికి వెండి తొడుగు. తొడుగు వేశాక వేలు విడిందో లేదో ఎవరికి కనబడుతుంది? రాతి శిల్పాలకు ఆయిల్ పెయింటు వేసే జబ్బు ఇంకొకటి. ఏ గుడి అని వేలెత్తి చూపడం లేదు, రాయలసీమలో సగం ఆంజనేయులు ఎరుపు, పసుపు ఎనామిల్ కింద ఊపిరాడక ఉన్నారు. ఉలి వదిలిన సన్నటి గీతలు ఆ రంగులో పూడిపోతాయి. భక్తితో చేసిన పనే, కాదనను. రాముడు గీశాడని నమ్మేవాళ్లే ఆ గీత మీద బ్రష్షు ఎలా పెడతారన్నది మాత్రం నాకు అర్థం కాదు.

కొంత ఊరటనిచ్చేది పుష్పగిరి. గండి దాటిన పాపఘ్ని కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఆ నీళ్లే దిగువకు పోయి పుష్పగిరి కొండ పాదాలు తడుపుతాయి. అక్కడ కొండ మీద చెన్నకేశవాలయం బయటి గోడల నిండా విజయనగర కాలపు చెక్కడాలు, ఎండలోనే, రంగుల్లేకుండా. అర్జునుడూ కిరాతుడూ పంది కోసం తగవులాడే ఘట్టం చూడండి. అడవిలో జరిగిన కథను అడవి పక్కన నది ఒడ్డున చెక్కారు. పొద్దుటి ఎండలో ఒక తీరుగా, సాయంత్రం ఇంకో తీరుగా ఉంటుంది, ఎందుకంటే చెక్కడం లోతు రెండు వేళ్లు కూడా ఉండదు, నీడే దానికి ప్రాణం పోస్తుంది.

కొత్తగా ఈ కొండల్లో శిల్పులు ఎవరైనా పనిచేయగలరా? పక్కనే నంద్యాల జిల్లా ఆళ్లగడ్డలో తరతరాలుగా రాయి చెక్కే కుటుంబాలున్నాయి, ఆ శిల్పకళకు భౌగోళిక గుర్తింపూ ఉంది. దేశమంతటి గుళ్లకు వాళ్ల విగ్రహాలు లారీలెక్కి పోతాయి. కానీ వాళ్ల పని షెడ్డులో, రాయి వాళ్ల దగ్గరికి రావాలి. ఉలితో పాటు కరెంటు గ్రైండరు నడవాలి. రిజర్వు ఫారెస్టులో రాయి ముట్టుకుంటే కేసు, ఎర్రచందనం దొంగల పుణ్యమా అని సాయంత్రమైతే అడవిలో మనిషి కనబడినా అనుమానమే. ఆ చట్టాలు ఉండాల్సిందే. అడవి మిగిలిందంటే వాటివల్లే. అందుకని పాలకొండల్లో కొత్త బొమ్మలు చెక్కించమని నేను అడగను. ఉద్యానవనాల్లో సిమెంటు జింకలు, ఫైబరు పులులు పెట్టడానికి ఖర్చుపెట్టే డబ్బులో కొంచెం తీసి, గండి దగ్గర ఒక బోర్డు పెడితే చాలు. ఈ కొండ వయసెంత, నది దీన్ని ఎలా కోసింది, రాతి మీద అలల గుర్తులు ఎక్కడ చూడవచ్చు అని తెలుగులో నాలుగు ముక్కలు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ అక్కడికి దగ్గరే, ఆ పిల్లలకు అప్పజెప్పినా రాసిపెడతారు.

ఇక వెళ్లేవాళ్లకు ఒక మాట. శ్రావణ శనివారాల్లో గండికి వెళ్తే దేవుడి దర్శనం అవుతుంది గానీ కొండ దర్శనం కాదు, అంత రద్దీ. పొలతలకు కార్తీక సోమవారమూ అంతే. మామూలు రోజు పొద్దున్నే వేంపల్లె బస్సు పట్టుకోండి. గుళ్లోకి పోయే ముందు ఏటి ఇసుకలోకి దిగి, రెండు కొండలూ ఒకేసారి కనబడే చోట నిలబడి, రాతి పొరలు ఏ వైపు వాలి ఉన్నాయో, ఒడ్డుకీ ఒడ్డుకీ కలుస్తాయో లేదో చూసుకోండి. ఎండ ముదిరితే రాయి కాలుతుంది, నీళ్లసీసా మరవకండి, ఖాళీ సీసా అక్కడ పారేయకండి.